అమెరికా నుంచి చీరల ఆర్డర్లు: తేదీలు, వారాలు ఇంగ్లిష్‌లో చెబితే వెంటనే పట్టుకోవడం ఎలా?

ప్రశ్న (అనంతపురం నుంచి)

అందరికీ నమస్తే. టవర్ క్లాక్ దగ్గర మా ఇల్లు. ధర్మవరంలో నేయించిన పట్టుచీరలు ఇంట్లో నుంచే అమ్ముతాను. చదివింది పదో తరగతి, తెలుగు మీడియం. సండే నుంచి సాటర్‌డే దాకా, జనవరి నుంచి డిసెంబర్ దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాను. కానీ ఫోన్‌లో ఎవరైనా ఉత్తగా ‘థర్స్‌డే’ అన్నారనుకోండి, సండే దగ్గర మొదలుపెట్టి వేళ్లు మడుచుకుంటూ పోవాల్సిందే. నేను అక్కడికి చేరేలోపు వాళ్లు చీర రంగు, అంచు కూడా చెప్పేసి ఉంటారు.

మాది వాయిదా మీద నడిచే పని. పడుగు ఎక్కినాక నేసేవాళ్లను తొందరపెట్టి లాభం లేదు. ముహూర్తం దాటినాక చీర చేరితే పెళ్లివాళ్లకు దాంతో పనే లేదు. అందుకే తేదీ దగ్గర నాకు ఇంత టెన్షన్.

ఇప్పుడు నా ముందున్నవి ఇవి. డల్లాస్ నుంచి ఒకావిడ 7/8 లోపల కావాలని మెసేజ్ పెట్టింది. ఆగస్టు ఏడా, జూలై ఎనిమిదా? ఇంకొకావిడ ‘ఫాల్ వెడ్డింగ్’ అని రాసింది. మాకు ఫాల్ అంటే చీర కింది అంచుకు లోపల కుట్టే గుడ్డ. అది కుట్టించి పంపమనా, వేరే ఏమన్నా ఉందా? ఇక థర్టీన్త్, థర్టియెత్ నా చెవికి రెండూ ఒకటే.

మా పాపను అడుగుదామంటే, దాన్ని స్కూలుకు తయారుచేసే హడావుడిలోనే ఈ ఫోన్లు వస్తాయి. అక్కడ అప్పుడు రాత్రి కదా. కోర్సు కొనమని మాత్రం చెప్పకండి. రోజూ ఈ మాటలతో పని ఉన్నవాళ్లు ఎలా అలవాటు చేసుకున్నారో చెప్పండి, చాలు.

జవాబు (ఆదోని, హైస్కూల్ ఇంగ్లిష్ టీచరు)

అమ్మా, మీ ఇబ్బంది అంతా వరసతో వచ్చింది. మా స్కూళ్లలో మేమే అలా వల్లె వేయిస్తాం. ఏడు ఎనిమిదులు ఎంతరా అంటే పిల్లోడు ఏడు ఒకట్ల దగ్గర అందుకున్నట్టే ఇదీ.

వరస వదిలేసి ఒక్కో వారాన్ని ఒక్కో గుడికి కట్టేయండి. ట్యూస్‌డే కసాపురం ఆంజనేయస్వామి. థర్స్‌డే మంత్రాలయం. ఫ్రైడే వరలక్ష్మీ వ్రతం. ట్యూస్‌డే, థర్స్‌డే దగ్గరే ఎక్కువమంది తికమకపడతారు. కసాపురం, మంత్రాలయం అనుకుంటే రెండూ కలవవు. మన వారాలకూ వాళ్ల వారాలకూ గ్రహాల వరస ఒకటే. సన్ సూర్యుడు, మూన్ చంద్రుడు, సాటర్న్ శని. మధ్యలో నాలుగింటికి వాళ్ల పాత దేవుళ్ల పేర్లు ఉండటంతో మనకు పోలిక దొరకదు. శ్రమ ఆ నాలుగింటి మీదే పెట్టండి. వెడ్నెస్‌డే అని రాసి ఉన్నా పలికేది వెన్స్‌డే అనే, ఫోన్‌లో మీకు వినిపించేదీ అదే.

7/8 సంగతి. అమెరికాలో నెల ముందు రాస్తారు, కాబట్టి అది జూలై 8. కానీ అక్కడున్న మనవాళ్లు మన పద్ధతిలో కూడా రాస్తుంటారు, ఊహించి మగ్గం ఎక్కించొద్దు. రెండు అంకెల్లో ఒకటి 12 దాటితే గొడవే లేదు. రెండూ 12 లోపలే ఉంటే నెల పేరు, వారం కలిపి అడగండి: ‘జూలై ఎయిత్, వెన్స్‌డే, కరెక్టేనా?’ 2026లో జూలై 8 బుధవారం, ఆగస్టు 7 శుక్రవారం. తేదీ తేడా ఉంటే వారం దగ్గర బయటపడుతుంది.

జవాబు (కర్నూలు, ఆస్పత్రిలో నర్సు)

అక్కా, థర్టీన్, థర్టీ మాకూ రోజూ ఉండే గోలే. థర్టీన్ అనేటప్పుడు ‘టీన్’ సాగుతుంది, థర్టీ అనేటప్పుడు మొదట్లో ఒత్తి చివర తేల్చేస్తారు. అయినా లైన్ బాగాలేకపోతే చెవిని నమ్మకండి. ‘వన్ త్రీ నా, త్రీ జీరో నా?’ అని అడిగేయండి. డాక్టర్లనే అలా అడుగుతాం, ఎవరూ తప్పుగా అనుకోరు.

ఫస్ట్, సెకండ్, థర్డ్ మాత్రమే వేరుగా ఉంటాయి. అవే మళ్లీ 21, 22, 23, 31 చివర వస్తాయి. మిగతా అన్నిటికీ చివర ‘త్’, 11, 12, 13కి కూడా. నేను మా ఊరి తేదీలతో నేర్చుకున్నా. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది అక్టోబర్ ఫస్ట్, నైన్‌టీన్ ఫిఫ్టీ త్రీ. ఊరు నీట మునిగింది అక్టోబర్ సెకండ్, టూ థౌజండ్ నైన్. ఆ రోజు మా వీధిలో నీళ్లు చూసినదాన్ని, ఆ తేదీ ఏ భాషలో అడిగినా చెబుతాను. మీ పెళ్లిరోజు, పాప పుట్టినరోజు ఇలాగే సంవత్సరంతో సహా పైకి అనుకుంటూ ఉండండి.

జవాబు (కడప, కొడుకు న్యూజెర్సీలో)

అమ్మా, ఆమె అడిగింది చీర ఫాల్ కాదు. అమెరికాలో ఆకులు రాలే కాలాన్ని ఫాల్ అంటారు, సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా. ఇంగ్లండ్‌లో దాన్నే ఆటమ్ అంటారు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వింటర్, మార్చి నుంచి మే స్ప్రింగ్, జూన్ నుంచి ఆగస్టు సమ్మర్.

ఇక్కడే జాగ్రత్త. మనకు మేతో ఎండాకాలం అయిపోతే వాళ్లకు జూన్‌లో సమ్మర్ మొదలు. ‘సమ్మర్‌లో పంపిస్తా’ అని మీరు ఏప్రిల్ మనసులో పెట్టుకుని అంటే ఆమె ఆగస్టు దాకా తీరిగ్గా ఉంటుంది. ఆస్ట్రేలియా వాళ్లకైతే సమ్మర్ డిసెంబర్‌లో. మన వానాకాలం వాళ్ల నాలుగు కాలాల్లో ఎక్కడా లేదు, దాన్ని మాన్‌సూన్ అనాలి. మా కడప వైపు అక్టోబర్, నవంబర్‌లలో కూడా గట్టి వానలు పడతాయి. ఆ నెలల్లో పార్శిల్ ఉంటే నాలుగు రోజులు ముందే పంపించండి.

ప్రశ్న అడిగినావిడ

సార్, చెల్లీ, పెద్దాయనా, చాలా సంతోషం. డల్లాస్ ఆవిడకు సార్ చెప్పినట్టే వాయిస్ మెసేజ్ పెట్టాను, జూలై ఎయిత్ అనే చెప్పింది. నేసే ఆయనకు కూడా బుధవారం అని వారంతో సహా చెప్పాను. ఫాల్ ఆవిడను తేదీ అడిగాను, ముహూర్తం పెట్టుకున్నాక చెబుతానంది.

ఇంకొక్క మాట. ‘నెక్స్ట్ ఫ్రైడే’ అంటే ఈ వచ్చే శుక్రవారమా, దాని తర్వాతదా?

జవాబు (ఆదోని టీచరు)

అమ్మా, ఆ మాటను ఇంగ్లిష్ సొంత భాషైన వాళ్లే రెండు రకాలుగా వాడతారు. ఎవరన్నా సరే, ‘విచ్ డేట్?’ అని అడగండి.