ఆఫీసులో మెయిల్ ఆగితే ముందు యాంటీవైరస్ ఆపడం సరైన పనేనా?

అకౌంట్స్ అక్క, మిర్యాలగూడ
మాది రైస్ మిల్లు ఆఫీసు. ఐదు కంప్యూటర్లు, ఒక రూటర్, సొంత డొమైన్ (మా మిల్లుకే ఉన్న వెబ్ పేరు) మీద మెయిల్. సోమవారం పొద్దున పదకొండింటికి ఐదింట్లోనూ మెయిల్ చూసే ఔట్‌లుక్ ప్రోగ్రాం ఒక్కసారే ఆగిపోయింది. సర్వర్‌కు కనెక్ట్ కావడం లేదని వస్తోంది. బ్రౌజర్‌లో వేరే సైట్లన్నీ బాగానే తెరుచుకుంటున్నాయి. సర్వీసింగ్ అబ్బాయి వచ్చి యాంటీవైరస్, ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ మీద అక్కర్లేని కనెక్షన్లను అడ్డుకునేది) రెండూ ఆపేశాడు. మెయిల్ వచ్చింది, అరగంటకు మళ్ళీ పోయింది. రెండు రోజులుగా ఇదే వరుస. "ఎట్లనో అట్ల నడుస్తుంది కదా, అవి ఆపే ఉంచండి" అంటున్నారు మా సేటు. టాలీ, బ్యాంకు పనులు అన్నీ ఆ కంప్యూటర్లలోనే. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

పాలమూరు హార్డ్‌వేర్
ఆ అబ్బాయిని తప్పుపట్టను, నేనైనా ముందు అదే చేస్తా. యాంటీవైరస్‌లో మెయిల్ స్కానింగ్ అని ఒకటి ఉంటుంది. అది ఔట్‌లుక్‌కు, సర్వర్‌కు నడుమ కూర్చుని, సర్వర్ సర్టిఫికెట్‌కు (ఇది అసలు సర్వరే అని చూపే గుర్తింపు) బదులు తన సర్టిఫికెట్ చూపిస్తుంది. అప్‌డేట్ వచ్చి అది కొంచెం చెడినా కనెక్షన్ తెగిపోతుంది. జడ్చర్లలో ఒక ఆఫీసుకు పోతే గేటు దగ్గర లారీ ఆగి ఉంది, బిల్లు మెయిల్‌లో ఇరుక్కుంది. ఆ టెన్షన్‌లో ఒక్కొక్కటి పరీక్షిస్తూ కూర్చోలేం. ముందు పని నడవాలి.

నల్లగొండ నెట్‌వర్క్
అన్నా, ఒక్క కంప్యూటర్ అయితే మీ మాట ఒప్పుకుంటా. ఐదు కంప్యూటర్లలో యాంటీవైరస్ ఒకే నిమిషానికి చెడడం అరుదు. ఐదూ ఒకేసారి ఆగాయంటే, ఐదింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని చూడాలి. ముఖ్యంగా మూడు: రూటర్, నెట్ లైన్, మెయిల్ సర్వర్.

అక్కా, రెండు నిమిషాల పరీక్ష చెప్తా. ఒక కంప్యూటర్‌ను మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి ఔట్‌లుక్ తెరవండి. అక్కడ మెయిల్ వస్తే కంప్యూటర్‌లో తప్పు లేనట్టే. తర్వాత ఆఫీసు లైన్ మీదనే పవర్‌షెల్‌లో (విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే చోటు) టెస్ట్-నెట్‌కనెక్షన్ (Test-NetConnection) కమాండ్‌కు మీ సర్వర్ పేరు, పోర్ట్ (సర్వర్‌లోకి పోయే తలుపు నంబరు) 993 ఇచ్చి చూడండి. ట్రూ అని వస్తే దారి తెరిచే ఉంది, ఫాల్స్ వస్తే ఎక్కడో మూసుకుంది. 993 అనేది ఐమ్యాప్‌కు (మెయిల్‌ను సర్వర్‌లోనే ఉంచి చూసే పద్ధతి). మీది పాప్3 (మెయిల్‌ను కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతి) అయితే 995.

ఇంకో సంగతి. ఈమధ్య మెయిల్ పాస్‌వర్డ్ మార్చారా?

పాలమూరు హార్డ్‌వేర్
మరి ఆపగానే మెయిల్ ఎట్ల వచ్చింది తమ్ముడూ?

నల్లగొండ నెట్‌వర్క్
ఆపినందుకు వచ్చిందో, ఆ టైముకు వచ్చిందో తేల్చకుండా చెప్పలేం కదన్నా. తప్పు పాస్‌వర్డ్‌తో పదేపదే లాగిన్‌కు వస్తే చాలా మెయిల్ సర్వర్లు ఆ ఐపీ అడ్రస్‌నే (నెట్‌లో మన లైన్‌కు ఉండే నంబరు) కొంతసేపు అడ్డుకుంటాయి, గడువు తీరగానే వదిలేస్తాయి. ఆఫీసులో ఎన్ని కంప్యూటర్లు ఉన్నా బయటికి కనిపించే ఐపీ ఒక్కటే. ఒకడు తప్పు చేస్తే అందరికీ తలుపు మూసుకుంటుంది. వచ్చి పోయి, వచ్చి పోయి ఉంటుందంటే నాకు అదే అనుమానం. యాంటీవైరస్ ఆపితే అది పోదు, కంప్యూటర్లకు కాపలా మాత్రం పోతుంది.

దేవరకొండ మీసేవ
మా దగ్గర జరిగింది చెప్తా. ఒక్క పాత కంప్యూటర్‌లోనే మెయిల్ రాదు, సర్టిఫికెట్ చెల్లదంటుంది. నాలుగు రోజులు సెట్టింగులన్నీ తిప్పి చూశాం. చివరికి చూస్తే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతోంది, ఆ తేదీకి సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు! సీఆర్2032 బ్యాటరీ మార్చాం, అంతే.

అసలు ఈ ఔట్‌లుక్ గోల ఎందుకు, అందరూ బ్రౌజర్‌లోనే మెయిల్ చూసుకోవచ్చు కదా?

అకౌంట్స్ అక్క, మిర్యాలగూడ
నెట్ పోయినా పాత మెయిల్స్ చేతిలో ఉండాలి. ఆడిట్ వాళ్లు మూడేళ్ల కిందటి ఇన్‌వాయిస్ అడుగుతారు. ఔట్‌లుక్ వదలలేం.

ఇప్పుడు దొరికింది చెప్తున్నా. హాట్‌స్పాట్ మీద వెంటనే మెయిల్ వచ్చింది. ఆఫీసు లైన్ మీద 993 ఫాల్స్. శుక్రవారం ఒకతను ఉద్యోగం మానేస్తే ఉమ్మడి మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, ఐదు కంప్యూటర్లలో కొత్తది పెట్టాను. కాంటా గదిలో ఆరోది ఉంది. యాసంగి వడ్లు రావడంతో సోమవారమే దాన్ని ఆన్ చేశారు. దాంట్లో పాత పాస్‌వర్డే ఉంది. ఎవరూ ముట్టుకోకపోయినా కొన్ని నిమిషాలకోసారి సర్వర్‌ను తడుతోంది. దాన్ని సరిచేసి, హోస్టింగ్ వాళ్లకు (మా మెయిల్ సర్వర్ నడిపేవాళ్లకు) ఫోన్ చేసి ఐపీ విడిపించాను. యాంటీవైరస్, ఫైర్‌వాల్ అన్నింట్లో ఆన్ చేశాను. మధ్యాహ్నం నుంచి ఒక్కసారి కూడా తెగలేదు.

పాలమూరు హార్డ్‌వేర్
మీ కేసులో నా అంచనా తప్పింది, ఒప్పుకుంటున్నా. ఒక్క కంప్యూటర్‌లోనే సమస్య ఉంటే మాత్రం మెయిల్ స్కానింగ్ ఒక్కటి ఆపి చూస్తా, ఆ మాట మీదనే ఉన్నా. అటాచ్‌మెంట్ తెరిచినప్పుడు ఫైల్ స్కానింగ్ ఎట్లాగూ చూస్తుంది.

నల్లగొండ నెట్‌వర్క్
ఆ ఒక్క భాగం ఆపడానికి నాకూ అభ్యంతరం లేదన్నా. మొత్తం ఆపి, మర్చిపోయి వెళ్లిపోవడంతోనే నా పేచీ. ఫైర్‌వాల్ జోలికి అయితే అసలు పోవద్దు. ఒక కంప్యూటర్‌కు వైరస్ పడితే పక్కదానికి పాకకుండా ఆపడంలో సాయపడేది అదే.

అక్కా, ఒకే ఉమ్మడి మెయిల్‌ను ఆరు కంప్యూటర్లలో పెట్టుకోవడం ఆపండి. మనిషికొక మెయిల్ తీసుకోండి, ఉమ్మడి అడ్రస్‌కు వచ్చేవి వాటికి ఫార్వర్డ్ అయ్యేలా పెట్టించండి. ఈసారి ఎవరైనా మానేస్తే ఒక్క పాస్‌వర్డ్ మారిస్తే సరిపోతుంది, కాంటా గదికి పరుగెత్తే పని ఉండదు.