ఇంటి కింద ఖాళీ జాగా: చెమ్మ, చెదలు, ఎలుకలు. మూసెయ్యాల్నా, వదిలెయ్యాల్నా?

గుట్టపక్క_ఇల్లు:
అందరికి నమస్తే. మాది హన్మకొండల గుట్ట పక్క ఇల్లు, జాగా వాలుగ ఉంటది, ముందట రోడ్డు లెవెలే గని వెనక్కి పోయేసరికి నాలుగు ఫీట్లు లోతు. కట్టేటప్పుడు మొరం నింపుడు ఖర్చని వెనక రెండు రూముల కింద పిల్లర్లు లేపి స్లాబ్ పోసిన్రు, కింద అంత ఖాళీ, చుట్టూ ఇటుక గోడ, అక్కడక్కడ జాలీలు. లోపటికి ఒంగి పోవాలె, నిలబడరాదు.

వానకాలం వచ్చిందంటే చాలు వెనక బెడ్రూంల బండలు చెమట పడుతున్నయి, అల్మారల బట్టలు ముక్క వాసన, ఒక గోడకు మోకాలెత్తు దాక లప్పం పెచ్చులు పెచ్చులు రాలుతుంది. ఈసారి దర్వాజకు చెదలు గూడ వట్టినయి. రాత్రయితే కింద ఎలుకలు ఉరికే సప్పుడు, ఎలుకలుంటే పాములొస్తయని మా అత్తమ్మ భయం, ఇంట్ల పాకే పిల్లగాడున్నడు. మా ఆయన అమెరికా వీడియోలు జూసి, జాలీలన్ని మూసేసి లోపట ప్లాస్టిక్ షీట్ పరిచి స్లాబ్ కింద థర్మాకోల్ అంటిద్దాం అంటున్నడు. ఖర్చు పెట్టే ముందు ఒకసారి అడుగుదామని ఇక్కడ పెడుతున్న. జర తెలిసినోళ్ళు చెప్పుండ్రి.

కాజీపేట_సైట్_ఇంజనీర్:
అక్కా, ఇప్పుడే ఏదీ మూయకుండ్రి. నీళ్ళు ఎక్కడికెల్లి వస్తున్నయో తెల్వకుండ మూసేస్తే ఆ తడి లోపల్నే ఉండిపోతది, స్లాబ్ కింద సలాక తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీట్ పెచ్చులు ఊడుడు షురూ అయితది. లప్పం మళ్ళ పెట్టుకోవచ్చు గని సలాక తింటే దానికయ్యే ఖర్చు వేరే లెవెల్.

మొదలు ఒక సన్న పరీక్ష చెయ్యుండ్రి, పైసా ఖర్చు లేదు. మందం పాలిథిన్ కవర్ ముక్క, ఒకటిన్నర ఫీటు పొడుగు అంతే వెడల్పు, కింద నేల మీద పరిచి నాలుగు దిక్కుల టేపో మట్టో పెట్టి గాలి పోకుండ చేసి ఒక రాత్రంత ఉంచుండ్రి. పొద్దున కవర్ అడుగు పక్క నీటి బొట్లుంటే తడి భూమిల నుంచి వస్తుందన్నట్టు, పైపక్క బొట్లుంటే గాలిల తేమ. రెండింటికి మందు వేరు వేరు. స్లాబ్ అడుగున గూడ చెయ్యివెట్టి చూడుండ్రి, ఏ రూం కింద తడి ఉందో.

ఇంకోటి, లప్పం రాలుతున్న గోడకు అవతల బాత్రూం ఉన్నదా? ఉంటే బాత్రూంల నీళ్ళు పోయే జాలీల గుడ్డ కుక్కి రెండు ఇంచులు నీళ్ళు నింపి ఒక రోజు వదిలెయ్యుండ్రి, మట్టం దిగిందంటే కింద నుంచి కారుతున్నట్టే. నల్లాలన్ని బంద్ చేసి రాత్రి ట్యాంకుల నీళ్ళకు గీత పెట్టి పొద్దున చూస్తే పైపు లీకు గూడ తెలుస్తది.

లోపటికి పోయేటోళ్ళు పగటిపూటనే, బూట్లు ఏసుకొని, పెద్ద టార్చి పట్టుకొని, ముందుగాల కట్టెతోని చప్పుడు చేసి పోవాలె. ఒక్కరే పోవద్దు. మన దిక్కు కట్లపాము, రక్తపింజర రెండూ ఉన్నయి.

రాలీ_నుంచి_ఓరుగల్లోడు:
నేను పుట్టింది వరంగల్, ఇప్పుడు నార్త్ కరోలినాలో ఉంటున్న. ఇక్కడ చాలా ఇళ్ళ కింద మీరు చెప్పినట్టే పాకుతూ వెళ్ళే ఖాళీ ఉంటుంది, క్రాల్ స్పేస్ అంటరు. మీ ఆయన చూసిన వీడియోల్లో చెప్పేది అబద్ధం కాదు కానీ అది ఇక్కడి వాతావరణానికి. ఇక్కడ చలికాలం గడ్డ కడుతుంది, నేల కింద నుంచి చలి రాకుండా, పైపులు పగలకుండా ఇన్సులేషన్ పెట్టుకుంటం. ఎండాకాలం ఇల్లంతా రాత్రింబగళ్ళు ఏసీ, కింద మట్టి చల్లగా ఉంటుంది, బయటి ఉక్క గాలి జాలీల్లోంచి లోపలికొచ్చి ఆ చల్లదనానికి నీళ్ళవుతుంది, ఫ్లోరును మోసే చెక్క దూలాలకు (జాయిస్టులకు) బూజు పడుతుంది. అందుకని జాలీలు మూస్తరు. మూసి ఊరుకోరు, నేల మీద కనీసం 6 మిల్ అంటే 150 మైక్రాన్ల పాలిథిన్ పరిచి, లోపల తేమ లాగే మెషిన్ పెడతరు. ఆ మెషిన్ కరెంటు పోయినా, పాడైనా మొత్తం కథ మొదటికే.

హన్మకొండలో మీకేం అవసరం? మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో బండ మీద ఉత్త కాళ్ళతో నడిస్తే వచ్చే ఆ సల్లదనం ఏ మెషినూ ఇవ్వదు, మా అమ్మ ఇప్పటికీ మధ్యాహ్నం బండ మీదే పడుకుంటది. స్లాబ్ కింద థర్మాకోల్ పెడితే ఆ సల్లదనం తగ్గుతుంది, పైగా చెదలు దాంట్లోంచి దారులు చేసుకుంటయి, ఎలుకలు కొరికి గూళ్ళు పెడతయి, నిప్పు అంటుకుంటే ఇంకో ప్రమాదం. దయచేసి అది మాత్రం వద్దు. ఆ పైసలు వెనకాల డ్రైన్ కోసం పెట్టండి.

ఒక్క అనుమానం, ఆ వెనక బెడ్రూంలో ఏసీ ఉందా? ఎంతలో పెడతరు?

గుట్టపక్క_ఇల్లు:
ఇద్దరికి మస్తు థాంక్స్ అన్నా. మీరు అడిగినయన్ని చూసినం. కవర్ అడుగు పక్క మొత్తం తడి, వెనక గోడ దిక్కు ఇంకా ఎక్కువ, గుట్ట మీది వాన నీళ్ళు అటే వస్తయి, ఆగనీకి మోరీ లేదు. లప్పం రాలే గోడ అవతల బాత్రూమే ఉన్నది, నింపిన నీళ్ళు సగానికి దిగినయి. ఏసీ ఉన్నది, పిల్లగానికి ఉక్కపోస్తదని 20 ల పెడుతం, సరిగ్గ ఆ రూం స్లాబ్ కిందనే బొట్లు బొట్లు ఉన్నయి, పక్క రూం కింద లేవు.

కింద సెంట్రింగ్ చెక్కలు గూడ గట్లనే ఉన్నయి, ఇల్లు కట్టినప్పటియి, పాత సిమెంటు సంచులు, వాటికంత చెద మట్టి.

కాజీపేట_సైట్_ఇంజనీర్:
అయితే మూడు దిక్కుల నుంచి వస్తుంది తడి. ఏసీ సంగతి సులువు, 28 డిగ్రీల గాలిల తేమ 85 శాతం ఉంటే 25 కన్న సల్లగున్న దేని మీదనైనా చెమట పడుతది, మన దగ్గర జులై ఆగస్టుల గాలి అట్లనే ఉంటది. ఏసీ 26, 27 ల పెట్టి ఫ్యాన్ ఏసుకోండ్రి, స్లాబ్ అంత సల్లగ కాదు.

బాత్రూంకు పై పై గ్రౌటింగ్, అంటే టైల్స్ సందులు నింపుడు, చేసి ఊకోవద్దు. టైల్స్ తీపిచ్చి వాటర్‌ప్రూఫింగ్ చేపిచ్చి, మళ్ళ నీళ్ళు నింపి చూసినంకనే టైల్స్ ఎయ్యాలె. గోడ ఎండేదాక లప్పం గిట్ల పెట్టద్దు, ఎండనీకి నెలలు పడుతది, తొందరపడి పెడితే ఉప్పు పొంగి మళ్ళ రాలుతది.

అన్నిటికన్న పెద్ద పని వెనక మోరీ. గుట్ట నీళ్ళు గోడకు తాకకముందే పక్కకు మళ్ళియ్యాలె, గోడ పక్క నేల బయటి దిక్కు వాలు ఉండాలె. 2023 జులైల మన దిక్కు పడ్డ వాన గుర్తున్నది గదా, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్లు. అట్ల పడితే ఏ మోరీ ఆపదు గని, కనీసం మామూలు వానకు మీ ఇంటి కింద నీళ్ళు నిలవొద్దు. మోరీ అయినంక మాత్రం షీట్ పరుచుకోండ్రి, అది మంచిదే, 250 మైక్రాన్లది తీసుకొని ఒకదాని మీద ఒకటి ఫీటు ఎక్కేటట్టు పరిచి టేపు ఎయ్యుండ్రి.

చెదల_మందు_నర్సంపేట:
అక్కా నేను పెస్ట్ కంట్రోల్ పని చేస్తా. షీట్ పరిచే ముందే మందు కొట్టిపియ్యాలె, తర్వాత అయితే మట్టికి మందు అందది. అన్నిటికన్న ముందుగాల ఆ సెంట్రింగ్ చెక్కలు, సంచులు, అట్టలు ఒక్కటి గూడ మిగలకుండ బయటికి తీపియ్యుండ్రి, నేను పోయిన ఇండ్లల్ల చెదలు అక్కడికెల్లే మొదలైతయి. దర్వాజ మీది మట్టి దారి చీపురుతోని కొట్టేసి పోయిందనుకునేటోళ్ళు ఎక్కువ, పుట్ట భూమిల ఉంటది అక్కా, పైన తుడిస్తే ఇంకో దిక్కు నుంచి లేస్తది.

ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందయితే లీటరు నీళ్ళకు 2.1 మిల్లీలీటర్లు కలుపుతం. గోడ, నేల కలిసే కాడ ఫీటుకొక బొక్క, 12 ఎంఎం బిట్టుతోని, బొక్కకు లీటరు దాక పోస్తం, పిల్లర్ల చుట్టు మట్టి గూడ తడపాలె. దర్వాజ చౌకట్టుకు సన్న బొక్కలు ఏటవాలుగ కొట్టి ఎక్కిస్తం. ఇంటి దగ్గర బాయి గని బోరు గని ఉంటే ముందే చెప్పుండ్రి, దాని పక్కకు మందు పోనియ్యద్దు. పిల్లగాన్ని ఆ రోజు వేరే ఇంటికి తోలుండ్రి, మందు పూర్తిగ ఆరినంకనే తీసుకరావాలె.

ఎలుకలకు, పాములకు జాలీలు మూసుడు కాదు, జాలీలకు 6 ఎంఎం కన్నాల జీఐ మెష్ (తుప్పు పట్టకుండ జింకు పూత ఉన్న ఇనుప జల్లెడ) సిమెంటుతోని బిగించుడు. పైపులు గోడల్లకెల్లి పోయే కాడ సందులుంటయి, అవి సిమెంటుతోని నింపాలె. మెష్ బిగించే ముందు లోపట ఏ పాము లేదని చూసుకోవాలె, ఉంటే మీరు కొట్టద్దు, పాములు పట్టేటోళ్ళను పిలువుండ్రి.

రాలీ_నుంచి_ఓరుగల్లోడు:
షీట్ గురించి ఒక్క మాట కలుపుత. గోడకు పైదాకా ఎక్కించకండి. ఇక్కడ గోడ పైభాగంలో మూడు ఇంచులు ఖాళీగా వదిలేస్తరు, చెదలు మళ్ళీ పైకి పాకితే ఆ మట్టి దారి కంటికి కనపడాలని. మీరు నేల మీద పరిచి గోడకు ఆరు ఇంచులు ఎక్కిస్తే చాలు, మిగతా గోడ, పిల్లర్లు అలాగే కనపడనివ్వండి.

గుట్టపక్క_ఇల్లు:
మా ఆయనకు అన్ని చదివి వినిపిచ్చిన, థర్మాకోల్ మాట బంద్ చేసిండు. రేపు చెక్కలు తీయనీకి ఇద్దరు మనుషులొస్తున్నరు, సుతారి మోరీకి కొలతలు తీసుకోనీకి ఆదివారం వస్తా అన్నడు. బోరు ఇంటి ముందటనే ఉన్నది, వెనక గోడకు చానా దూరం. నర్సంపేట అన్నా, మోరీ పని అయినంక మీకే మెసేజ్ పెడుత, మందు కొట్టనీకి హన్మకొండ దాక వస్తరా?

చెదల_మందు_నర్సంపేట:
వస్తా అక్కా. వానలు తెరిపిచ్చినంక చెప్పుండ్రి, మట్టిల నీళ్ళు నిలిచి ఉన్నప్పుడు మందు పోస్తే కొట్టుకపోతది.