ఇంట్లో ఏసీ డక్ట్‌లు ఎన్నాళ్లకోసారి క్లీన్ చేయించాలి?

గాలివాటం అడిగారు:

మేం ఈ ఇంట్లో దిగి ఆరేళ్లు కావస్తోంది. ఇల్లంతటికీ ఒకటే ఏసీ, హీటింగ్. గాలి సీలింగ్ పైన ఉన్న డక్ట్‌ల గుండా గదుల్లోకి వస్తుంది. మాకంటే ముందున్నవాళ్లు వాటిని ఎప్పుడైనా క్లీన్ చేయించారో లేదో తెలీదు. మేమైతే చేయించలేదు. ఫిల్టర్ మాత్రం గుర్తొచ్చినప్పుడల్లా మారుస్తున్నాను.

మొన్న సర్వీసుకి వచ్చినతను రిటర్న్ గ్రిల్ ఊడదీసి, లోపల వేలితో గీసి, ఆ నల్లటి వేలు మా ఇద్దరి ముందూ పెట్టాడు. "ఏడాదికోసారి క్లీన్ చేయించకపోతే ఇదంతా మీ పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది సార్" అన్నాడు. అప్పట్నుంచి ఇంట్లో టెన్షనే. మా ఆవిడ రేపే చేయించేద్దామంటోంది. పక్కింటాయన ఇల్లు కట్టిన దగ్గర్నుంచి వాటి జోలికే పోలేదట, వాళ్లింట్లో అందరూ శుభ్రంగా ఉన్నారు. నెట్‌లో ఒకరు ఏడాదంటారు, ఇంకొకరు మూడేళ్లు, మరొకరు ఐదేళ్లు. అసలు లెక్క ఏమిటండీ? మాకు ఒక కుక్క ఉంది. పోయినేడు వంటగది పగలగొట్టి మళ్లీ కట్టించాం. అంతకుమించి చెప్పుకోడానికి ఏమీ లేదు.

పాత పానా జవాబు:

నేను డక్ట్‌లు వేశాను, అతికాను, చాలాకాలం క్లీన్ చేసే పనీ చేశాను. కాబట్టి అమ్మేవాళ్లు ఏం మాట్లాడతారో తెలుసు, అటకెక్కితే ఏం కనిపిస్తుందో కూడా తెలుసు.

ముందు ఆ నల్లటి వేలి సంగతి చూద్దాం. రిటర్న్ గ్రిల్ అంటే ఇంట్లో గాలిని మెషీన్ వెనక్కి లాక్కునే చోటు. ఆ గాలి ఫిల్టర్ దాటాకే మళ్లీ గదుల్లోకి వస్తుంది. ఇంట్లో ఉన్న దుమ్ము, కుక్క బొచ్చు, దుప్పట్ల నూగు అన్నీ అక్కడికే చేరతాయి. చేరాలి కూడా, అది దాని పని. ఎవరింట్లో వేలు పెట్టినా నల్లగానే వస్తుంది, ఆ వచ్చినతని ఇంట్లో అయినా సరే. గ్రిల్ ఊడదీసి సబ్బునీళ్లతో కడగండి, లోపల చెయ్యి అందినంతవరకు వాక్యూమ్ పెట్టండి, చాలు.

ఇక ఎన్నాళ్లకోసారి అన్నదానికి వస్తే, మూడు నుంచి ఐదేళ్లు అన్న లెక్క ఎక్కువగా క్లీనింగ్ చేసేవాళ్ల వైపు నుంచే వినిపిస్తుంది. అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ ఇళ్లవాళ్ల కోసం ప్రత్యేకంగా ఈ విషయం మీద సలహాలు రాసి పెట్టింది. డక్ట్‌లు క్లీన్ చేయిస్తే జబ్బులు రాకుండా ఉంటాయని ఇంతవరకు రుజువు కాలేదని అందులో సూటిగానే ఉంది. డక్ట్‌లో మురికి ఉన్నంత మాత్రాన ఇంట్లో దుమ్ము పెరుగుతుందని కూడా గట్టిగా తేలలేదట. నా అనుభవమూ అదే. దుమ్ము చాలావరకు రేకుకి అతుక్కుని కదలకుండా ఉంటుంది. అందుకే ఏళ్ల లెక్కన కాదు, కారణం కనిపిస్తేనే చేయించమంటారు. లోపల కంటికి కనిపించేంత బూజు (సాలెగూడు కాదు, తడికి పట్టే ఫంగస్) పట్టి ఉండాలి, లేదా ఎలుకలో పురుగులో చేరి ఉండాలి, లేదా గాలి కదలనంతగా చెత్త పేరుకుని గదిలోకి రాలుతుండాలి. ఇవేవీ లేకపోతే పక్కింటాయన లాగే మీరూ నిశ్చింతగా ఉండొచ్చు.

మీ పోస్టులో నాకు అనుమానం కలిగించింది కుక్క కాదు, వంటగది. గోడలు పగలగొట్టినప్పుడు, జిప్సమ్ బోర్డు సాండింగ్ చేసినప్పుడు వచ్చే పొడి మహా మెత్తన. ఆ పని జరుగుతున్నప్పుడు గ్రిల్స్‌కి ప్లాస్టిక్ షీటు అతికించారా? ఏసీ ఆపి ఉంచారా? లేకపోతే అది వంటగది దాటి చాలా దూరమే వెళ్లి ఉంటుంది. గాలి వచ్చే వైపు, అంటే సప్లై గ్రిల్స్ రెండు మూడు ఊడదీయండి. ఫోన్‌లో లైటు వేసి, వీడియో ఆన్ చేసి, చెయ్యి మొదటి వంపు దాకా పెట్టి తీయండి. పల్చటి బూడిదరంగు పొర కనిపిస్తే మామూలే. తెల్లటి పొడి కుప్పలుగా ఉన్నా, నల్లటి మచ్చలు గుంపుగా ఉన్నా, తడి మరకలున్నా, పెంటికలున్నా ఇక్కడ చెప్పండి. దీనికి పావుగంట కూడా పట్టదు.

చిన్నారి అమ్మ జవాబు:

మా అబ్బాయికి ఆస్తమా. మేం రెండేళ్లకోసారి చేయిస్తాం. చేయించాక కొన్నాళ్లు బాగుంటాడనిపిస్తుంది. మానేయమంటే భయంగా ఉంది పానా అన్నా.

లెక్కల మాస్టారు జవాబు:

"ఇల్లంతా కారుచవకగా క్లీన్ చేస్తాం" అని ఫోన్ చేసేవాళ్లతో జాగ్రత్త. మా వీధిలో ఒకరింటికి అలాగే వచ్చారు. సగం పనిలో "బూజు దొరికింది" అంటూ ఎక్కడిదో తెలియని ఫోటో చూపించారు, ముందు చెప్పినదానికి ఎన్నో రెట్లు అడిగారు. గంటలోపు పని ముగించుకుని వెళ్లిపోయారు.

పాత పానా జవాబు:

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. గంటలో అయ్యే పని కాదిది. సరిగ్గా చేసేవాళ్లు ముందు మెషీన్ దగ్గర పెద్ద వాక్యూమ్ తగిలించి డక్ట్‌లన్నిట్లో గాలిని వెనక్కి లాగుతారు. అప్పుడు ఒక్కో గది వైపు నుంచి బ్రష్‌తోనో కంప్రెసర్ గాలితోనో లోపలి మురికిని కదుపుతారు. కదిలింది గదిలోకి రాకుండా వాక్యూమ్‌లోకే పోవాలి. ఆ వాక్యూమ్ ఇంట్లోనే పెడితే దానికి హెపా ఫిల్టర్, అంటే మహా సన్నటి కణాలు కూడా బయటికి పోనివ్వని ఫిల్టర్ ఉండాలి. లోపలికి దారి కోసం రేకు కోస్తే చివర్లో మళ్లీ మూసి సీల్ చేసి వెళ్లాలి. చేతిలో మామూలు వాక్యూమ్ పట్టుకుని గ్రిల్ గ్రిల్‌కీ తిరిగేవాళ్లు చేసేదానికి మనిషక్కర్లేదు, అది మీరే చేసుకోవచ్చు. బూజు అని ఎవరన్నా అంటే "మా డక్ట్‌లో ఎక్కడుందో ఇప్పుడే చూపించండి" అనండి. చూడ్డానికి బూజులా ఉన్నదల్లా బూజు కాదు, కచ్చితంగా తేల్చాలంటే ల్యాబ్‌కే పంపాలి. లోపల మందు స్ప్రే చేస్తామంటే ఒప్పుకోకండి. ముఖ్యంగా లోపలి వైపు ఫైబర్‌గ్లాస్ పొర ఉన్న డక్ట్‌లలో వద్దే వద్దు. ఆ పొర తడిసి బూజు పడితే క్లీన్ చేసినా పోదు, ఆ ముక్క తీసి కొత్తది వేయాల్సిందే.

చిన్నారి అమ్మగారూ, మానేయమని నేను అనను, ఆ విషయం మీ డాక్టరుగారితో మాట్లాడండి. కాకపోతే అదే డబ్బు ముందు ఫిల్టర్ మీద పెట్టి చూడండి. ఫిల్టర్ మీద మెర్వ్ అని ఒక అంకె ఉంటుంది. ఆ అంకె పెరిగేకొద్దీ సన్నటి కణాలు పడతాయి. మెర్వ్ 13 అయితే 0.3 నుంచి 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉండే కణాల్లో కనీసం సగం పడుతుంది. మెర్వ్ 8కి ఆ సైజులో అసలు లెక్కే ఇవ్వరు. అయితే ఒక మాట. దట్టమైన ఫిల్టర్‌లోంచి గాలి లాగే శక్తి అన్ని మెషీన్లకీ ఉండదు. మీ మెషీన్ ఎంతవరకు తట్టుకుంటుందో సర్వీసువాళ్లని అడిగాకే మార్చండి. ఇంట్లో తేమ 50 శాతం దాటకుండా చూసుకుంటే బూజుకి సగం దారి మూసినట్టే. ఎప్పుడైనా డక్ట్‌లు క్లీన్ చేయిస్తే ఆ రోజు బాబుని ఇంట్లో ఉంచకండి.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మెషీన్‌లో కూలింగ్ కాయిల్, దాని కింద నీళ్లు చేరే ట్రే, గాలిని తోసే ఫ్యాన్ అంటే బ్లోయర్ ఉంటాయి. తడి ఉండేది అక్కడే, బూజు మొదలయ్యేదీ ఎక్కువగా అక్కడే. వాటిని వదిలేసి డక్ట్‌లు మాత్రం తోమించడమంటే బావిలో మురికి అలాగే ఉంచి బొక్కెన తోముకున్నట్టు. కొటేషన్‌లో కాయిల్, ట్రే, బ్లోయర్ పేర్లు లేకపోతే ఆ కొటేషన్ వెనక్కి ఇచ్చేయండి.

గాలివాటం జవాబు:

పానా గారూ, వీడియో తీశాను. పడకగదుల్లో మీరన్న పల్చటి పొరే ఉంది. వంటగది, హాలు వైపు మాత్రం తెల్లటి పొడి గుట్టగా ఉంది, బ్లోయర్ ఆన్ చేస్తే గ్రిల్ కింద నేల మీద కూడా సన్నగా పడుతోంది. పని జరిగినప్పుడు గ్రిల్స్ ఎవరూ మూయలేదని మా ఆవిడ అంటోంది. సీలింగ్ పైన ఒకచోట డక్ట్ జాయింట్ ఊడి పక్కకి జరిగినట్టు కూడా కనిపించింది. దానికి బట్ట టేపు చుట్టి ఉంది, ఎండిపోయి వేలాడుతోంది.

పాత పానా జవాబు:

అయితే మీకు క్లీనింగ్ కావాలి. ఏళ్లు అయ్యాయని కాదు, సిమెంటూ జిప్సమూ రాలుతోంది కాబట్టి. పొడి కొద్దో గొప్పో కాయిల్ దాకా కూడా వెళ్లే ఉంటుంది, అదీ చేయించండి.

కానీ ముందు ఆ జాయింట్ సంగతి చూడండి. మామూలు ఇంట్లో డక్ట్‌ల గుండా వెళ్లే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల వల్లే పోతుందని ఎనర్జీ స్టార్ (కరెంటు పొదుపు కోసం అమెరికా ప్రభుత్వం పెట్టిన కార్యక్రమం) వాళ్ల అంచనా. ఊడింది సప్లై వైపైతే మీ చల్లగాలి అటక పాలు. రిటర్న్ వైపైతే అంతకంటే చెడ్డ, అటక మీది దుమ్మంతా లోపలికి లాగుతుంది. ఇవాళ క్లీన్ చేయించినా కొన్ని నెలల్లో మళ్లీ ఇదే కథ. ఆ బట్ట టేపు పీకి పారేయండి. డక్ట్ టేపు అన్న పేరే గానీ డక్ట్‌ల వేడికి దాని జిగురు ఎండిపోతుంది. జాయింట్‌ని స్క్రూలతో బిగించి, పైన మాస్టిక్, అంటే సందులు మూసే చిక్కటి పేస్టు పూయాలి, లేదా ఆ పనికే తయారుచేసిన అల్యూమినియం టేపు వేయాలి. మీది పాత ఇల్లయి, డక్ట్‌ల చుట్టూ తెల్లగా అట్టలాంటి చుట్టు ఉంటే మాత్రం చెయ్యి పెట్టకండి. ఆస్‌బెస్టాస్ (ఊపిరితిత్తులకి హాని చేసే నార) కావొచ్చు, ముందు దాన్ని పరీక్ష చేయించాలి.

గాలివాటం జవాబు:

డక్ట్‌లు రేకువే, చుట్టు ఏమీ లేదు. జాయింట్ పని అయ్యాక క్లీనింగ్ పెట్టుకుంటాను. బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ గొట్టం కూడా వాళ్లతోనే చేయించేయమంటారా?

పాత పానా జవాబు:

చేయించండి. దానికి మాత్రం ఏడాదికోసారి అన్న లెక్క సరైనదే. అందులో పేరుకునే నూగు ఇట్టే అంటుకుంటుంది, డ్రయ్యర్ల వల్ల ఇళ్లలో మంటలు లేవడానికి ముఖ్య కారణం అదే. బట్టలు ఆరడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతుంటే ఏడాది దాకా కూడా ఆగొద్దు. వెనక ఉన్నది మడతలు మడతలుగా ఉండే ప్లాస్టిక్ గొట్టమైతే పనిలో పనిగా రేకుది వేయించేయండి.