లియో మజోనీకి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు ఇవ్వాలా?

గట్టుమీద కాకి:
1990 నుంచి 2005 దాకా అమెరికా బేస్‌బాల్ జట్టు అట్లాంటా బ్రేవ్స్‌కు పిచింగ్ కోచ్, అంటే బంతి విసిరే పిచ్చర్లకు శిక్షకుడు, లియో మజోనీ. లీగ్‌లో మేటి పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు 1991–98 మధ్య ఆరుసార్లు ఆయన శిష్యులకే దక్కింది: మాడక్స్‌కు మూడు, గ్లావిన్‌కు రెండు, స్మోల్ట్జ్‌కు ఒకటి. ఆ ముగ్గురూ, మేనేజర్ బాబీ కాక్స్, జట్టును కూర్చిన జాన్ షూర్‌హోల్జ్, అందరూ బేస్‌బాల్ మహామహులకు చోటిచ్చే కూపర్స్‌టౌన్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరారు. మజోనీ మాత్రం బయటే ఉన్నాడు. అక్కడ ఆటగాళ్లకు, మేనేజర్లకు, అంపైర్లకు, నిర్వాహకులకు దారి ఉంది, కోచ్‌కు లేదు. ఇది అన్యాయమని నా వాదన.

లెక్కల మాస్టారు:
కాకిగారూ, మాడక్స్ 1992లో షికాగో కబ్స్‌కు ఆడుతూ సై యంగ్ గెలిచాకే అట్లాంటా వచ్చాడు. వడ్డించినవాడికి వంట పేరు ఇస్తామా? బేస్‌బాల్‌లో గెలుపోటములను పిచ్చర్ ఖాతాలోనూ రాస్తారు కదా, స్మోల్ట్జ్ 1991 సీజన్ మొదటి సగంలో రెండు గెలిచి పదకొండు ఓడాడు. రెండో సగంలో పన్నెండు గెలిచి రెండే ఓడాడు. ఆ మలుపుకు ఆయన కృతజ్ఞత చెప్పుకున్నది జాక్ లువెలిన్ అనే క్రీడా మనస్తత్వ నిపుణుడికి. ఇక మజోనీ 2006లో బాల్టిమోర్ ఓరియోల్స్‌కు వెళ్లాక, రెండేళ్లూ ఆ జట్టు పిచ్చర్ల సగటు, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు వాళ్లు ఇచ్చుకున్న పరుగులు (తక్కువైతేనే మేలు), ఐదు దాటింది. రెండో ఏడాది ముగియగానే ఉద్యోగం పోయింది.

గట్టుమీద కాకి:
మాడక్స్‌ను పక్కన పెడదాం, ఆయన్ని ఎవరూ తయారు చేయనక్కర్లేదు. పని ఎలా జరిగేదో చూడండి. మజోనీ స్వయంగా పెద్ద లీగ్‌లో ఒక్క బంతీ వేయలేదు. ఆయన విద్య పాతతరం పిచింగ్ కోచ్ జానీ సేన్ దగ్గర నేర్చుకున్నది. ఒక ఆటకూ తర్వాతి వంతుకూ మధ్య పిచ్చర్‌కు నాలుగు రోజుల విరామం. అప్పట్లో చాలా జట్లు ఆ విరామంలో బుల్‌పెన్‌లో (పిచ్చర్లు సాధన చేసే చోట) ఒక్కసారే వేయించేవి, మజోనీ రెండుసార్లు వేయించేవాడు. అయితే పూర్తి బలంతో కాదు. బ్యాటర్ ముందుండే ప్లేటు బయటి అంచుకు, మోకాళ్ల ఎత్తున, అదే చోటికి మళ్లీ మళ్లీ. వేగం తగ్గినా బంతి అనుకున్నచోటికే వెళుతోందా అన్నదే ఆయన చూపు. ఆట రోజున డగౌట్‌లో (జట్టు కూర్చునే చోట) కాక్స్ పక్కన కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉండేవాడు. టీవీలో చూసినవాళ్లెవరూ ఆ ఊగుడు మరచిపోరు.

ఫలితం పెద్ద పేర్లలో కాదు, పనైపోయిందనుకున్నవాళ్లలో వెతకాలి. భుజం గాయాలతో కుదేలైన జారెట్ రైట్ 2004లో అట్లాంటాకు 15 ఆటలు గెలిచాడు, సగటు 3.28. అది చూసి న్యూయార్క్ జట్టు యాంకీస్ మూడేళ్లకు 2 కోట్ల 10 లక్షల డాలర్లు పోసింది. మరుసటి ఏడాది అక్కడ సగటు 6.08! జె.సి. బ్రాడ్‌బరీ అనే ఆర్థికవేత్త, పిచ్చర్లు మజోనీ దగ్గర ఉన్నప్పటి సగటునూ లేనప్పటి సగటునూ పోల్చి, తేడా అర పరుగుకు పైనే అని తేల్చాడు.

లెక్కల మాస్టారు:
రైట్ కథ సగమే చెప్పారు. 2007లో అతను అదే మజోనీ దగ్గరికి బాల్టిమోర్ వచ్చి, మూడు ఆటలు వేసేసరికి భుజం మళ్లీ మొరాయించింది. స్టీవ్ ఏవరీ పేరైతే ఎత్తనే లేదు. 1991లో 21 ఏళ్ల కుర్రాడు 18 ఆటలు గెలిచాడు, 1993లో మరో 18. ఆ సెప్టెంబరులో గాయపడ్డాక పాత ఏవరీ మళ్లీ కనిపించలేదు.

ఆ బయటి అంచు దగ్గర అంపైర్లు బ్రేవ్స్‌కు ఉదారంగా ఉండేవారన్నది, అంటే అంచు దాటిన బంతినీ మంచి బంతిగా (స్ట్రైక్‌గా) లెక్కించేవారన్నది, ప్రత్యర్థుల పాత గోల. 1997 నేషనల్ లీగ్ ఫైనల్స్‌లో అదే ఉదారత ఫ్లోరిడా కుర్రాడు లివాన్ హెర్నాండెజ్‌కు దక్కింది. అతను 15 స్ట్రైక్ఔట్లతో (మూడు స్ట్రైక్‌లకు బ్యాటర్ ఔట్) వీళ్లను ముంచాడు. అప్పుడు చూడాలి బ్రేవ్స్ ముఖాలు!

అల్ఫారెటా అమ్మ:
మేము అట్లాంటా శివార్లలో ఉంటాం. మా పన్నెండేళ్లవాడు పిచ్చర్. వాడి కోచ్ ‘మజోనీ పద్ధతి’ అంటూ రోజూ వేయించడం మొదలుపెట్టాడు, అదీ పూర్తి వేగంతో. పిల్లల బేస్‌బాల్ పోటీలైన లిటిల్ లీగ్‌లో ఆ వయసువాళ్లకు రోజుకు 85 బంతులే అన్న నియమం ఆటకు సరే, సాధనలో ఎవరు లెక్కపెడతారు? మోచెయ్యి నొప్పి అన్నాడు, మాన్పించాను. నెమ్మదిగా వేయించాలన్న సగం మాటను అందరూ ఎందుకు వదిలేస్తారు?

గట్టుమీద కాకి:
అమ్మగారూ, ఆ సగమే అసలు పద్ధతి. అది లేకుండా చేయించేవాళ్లు మజోనీ పేరు వాడుకోకూడదు. మాస్టారూ, ఏవరీ ఒక్కడినే చూపిస్తే ఎలా? అదే సాధనతో నిలదొక్కుకున్న గ్లావిన్ 305 ఆటలు గెలిచాడు.

లెక్కల మాస్టారు:
ఒక్క కోచ్‌కే చోటుంటే నా ఓటు ఆయన గురువు సేన్‌కు. 1961లో యాంకీస్‌లో వైటీ ఫోర్డ్‌కు 25 గెలుపులు, 1966లో ట్విన్స్‌లో జిమ్ కాట్‌కు 25, 1968లో టైగర్స్‌లో డెనీ మెక్‌లేన్‌కు 31. మేనేజర్లతో పడక ఊళ్లు మారినా, వెళ్లిన ప్రతిచోటా ఫలితం చూపించాడు. మజోనీకి అట్లాంటా దాటాక అది జరగలేదు.

గట్టుమీద కాకి:
అంటే కోచ్‌లకు దారి తెరవాలని మీరూ అంటున్నట్టేగా?

లెక్కల మాస్టారు:
తెరవవద్దని నేనెప్పుడన్నాను? మజోనీతో మొదలుపెట్టవద్దన్నాను.