ఫైబ్రాయిడ్ ఆపరేషన్ తర్వాత మూడు నెలలా, ఆరు నెలలా?

నాకు 34 ఏళ్లు. రెండేళ్లుగా పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. అండం విడుదలయ్యే రోజులు చూసుకునే ఓవ్యులేషన్ కిట్లు, అండం పెరగడానికి లెట్రోజోల్ మాత్రలు, రెండు ఐయూఐలు (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపడం) అయ్యాయి, ఏదీ నిలవలేదు. మావారి రిపోర్టులు నార్మల్. గర్భాశయం గోడలో 6 సెం.మీ. ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని కండర గడ్డ) ఉండి లోపలి పొరను నొక్కుతోందని స్కాన్‌లో తేలింది. నెలసరి ఎనిమిది రోజులు, గడ్డలు గడ్డలుగా అయ్యేది. హిమోగ్లోబిన్ 8.2కి దిగాక, అప్పటిదాకా ఆపరేషన్ వద్దని మొండికేసిన నేనే ఒప్పుకున్నాను.

దాన్ని లాపరోస్కోపీలో (పొట్ట మీద చిన్న కోతలతో, కెమెరా పెట్టి చేసే ఆపరేషన్) తీసి 15 వారాలైంది. 34 రోజులకు మొదటి నెలసరి, తర్వాత రెండూ 29 రోజులకే వచ్చాయి, నాలుగేసి రోజులు. హిమోగ్లోబిన్ ఇప్పుడు 11.4. తుమ్మితే మాత్రం బొడ్డుకి ఎడమవైపు కుట్టు దగ్గర చురుక్కుమంటుంది. మంచం మీంచి ఇప్పటికీ పక్కకు ఒత్తిగిలి, చెయ్యి ఆనించే లేస్తున్నాను.

గర్భాశయం గోడ బాగా మానాలి, ఆరు నెలలు ఆగండి అన్నారు ఆపరేషన్ చేసిన డాక్టరు. వయసు దృష్ట్యా మూడు నెలలు చాలు, మొదలుపెట్టేయండి అన్నారు ఇంకొకరు. కోత లోపలి పొర దాకా వెళ్లిందా అన్నది డిశ్చార్జి కాగితంలో లేదు. రెండుసార్లు అడిగాను, "అంతా బాగానే ఉందమ్మా" అనే జవాబు. నెట్‌లో వెతికితే టెన్షన్ తప్ప ఏమీ మిగల్లేదు.

గోడలోని ఫైబ్రాయిడ్‌ను లాపరోస్కోపీలో తీయించుకున్నవాళ్లు, మళ్లీ ప్రయత్నించమని మీ డాక్టరు ఎన్ని నెలలకు, ఏ పరీక్ష చూసి చెప్పారు?