పెరట్లో ప్లాస్టిక్ పచ్చికతో పటింగ్ గ్రీన్: వేయాలా, వద్దా?

సాయంత్రంబంతి:
మా పెరట్లో 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు జాగా ఖాళీగా పడి ఉంది. గోల్ఫ్ మొదలుపెట్టి రెండేళ్లయింది. దూరం కొట్టడం కాస్త పట్టుబడింది కానీ గ్రీన్ మీదకి (గుంత, అంటే హోల్ చుట్టూ పొట్టిగా కోసిన పచ్చిక) వెళ్తే బంతిని అందులోకి దొర్లించడానికి మూడేసి పట్‌లు పడుతున్నాయి. అక్కడ కృత్రిమ పచ్చిక పరిచి మూడు హోల్స్ పెట్టుకోవాలని నా ఆశ. "బంగారంలాంటి మట్టి మీద ప్లాస్టిక్ కప్పుతారా?" అంటోంది మా ఆవిడ. వేసుకున్నవాళ్లు, వేసి పీకేసినవాళ్లు ఇద్దరూ చెప్పండి.

కంకరరావు:
వేయండి. కాకపోతే పైన పచ్చిక చూసి మురిసిపోవద్దు, కింద ఏముందో చూడండి. నేను రెండుసార్లు వేశాను. మొదటిసారి మట్టి చదును చేసి ఇసుక పోసి పరిచేశా. ఒక్క వానాకాలం గడిచేసరికి మధ్యలో దిగిపోయింది. ఎటు కొట్టినా బంతి అదే పల్లంలోకి!

రెండోసారి ఆరంగుళాలు తవ్వించా. నాలుగంగుళాల కంకర రెండు వరసలుగా పోసి, తడిపి, ఒక్కో వరసనీ దిమ్మిస కొట్టించా. దానిపైన అంగుళం క్రషర్ డస్ట్. ఇంటి గోడ నుంచి బయటికి నూటికి ఒక వంతు వాలు, అంటే మీ 20 అడుగులకు సుమారు రెండున్నర అంగుళాలు. హోల్స్‌లో కూర్చోబెట్టే కప్పులు పచ్చిక పరచకముందే బిగించాలి, వాటి అడుగున నీళ్లు ఇంకే దారి ఉండాలి. కప్పు వ్యాసం 4.25 అంగుళాలు, అసలు గోల్ఫ్ కోర్సులో ఉన్నంతే. పెద్దది పెట్టుకుని సంబరపడితే మోసపోయేది మనమే. రెండు ముక్కలు అతకాల్సి వస్తే పీచు రెండింటిలోనూ ఒకే వైపుకి వాలి ఉండాలి.

మట్టివేళ్లు:
మీ ఆవిడ మాటే సరైనది. మిట్టమధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా నిలబడి చూడండి. గడ్డి ఆకుల్లోంచి నీటిని ఆవిరిగా వదులుతూ చల్లబడుతుంది. ప్లాస్టిక్‌కి ఆ విద్య తెలియదు. నీళ్లు చల్లితే కాసేపు తగ్గి మళ్లీ మొదటికే వస్తుంది. వేడి బయటికి పోకుండా పూత వేసిన కిటికీ అద్దాలుంటాయి కదా, వాటి మీద పడి తిరిగొచ్చిన ఎండకి పచ్చిక కరిగిపోవడమూ ఉంది.

ఇంకో సంగతి. ఈ సరుకుకి పెద్ద పేరొచ్చింది 1966లో, హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్ స్టేడియంలో. పైకప్పు పలకల మెరుపుకి ఆటగాళ్లకు బంతి కనపడటం లేదని ఆ కప్పుకి రంగు పూశారు. వెలుతురు చాలక గడ్డి చచ్చింది, ప్లాస్టిక్ పరిచారు. మీ పెరట్లో ఎండకేం కరువండీ?

కంకరరావు:
వేడి సంగతి ఒప్పుకుంటాను, నేనూ పొద్దున, సాయంత్రమే ఆడతాను. కానీ మీరు పోలుస్తున్నది మామూలు లాన్‌తో. అసలైన గ్రీన్ గడ్డిని సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తుకి, దాదాపు రోజూ కోయాలి. ఇంట్లో వాడే మిషన్ అంత కిందికి కోయదు. ఆపైన తెగుళ్లు, మందులు. అది ఇంకో ఉద్యోగం. ప్లాస్టిక్ పీచు అరిగి రాలదా అంటే రాలుతుంది, కాదనను. 2023లో యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టిన, పీచు మధ్య నింపే రబ్బరు గుళికలు మాత్రం నా దాంట్లో లేవు, ఉన్నది ఇసుకే.

మూడోపట్:
మీ ఇద్దరి గొడవలో అడిగినాయన సమస్య పక్కకు పోయింది. మూడు పట్‌లు ఎక్కువగా పడేది 30, 40 అడుగుల దూరం నుంచి. అక్కడ తప్పేది గురి కాదు, బలం. 20 అడుగుల పెరట్లో అది ఎలా సాధన చేస్తారు? జబ్బొకటి, మందొకటి.

వేగం చిక్కు కూడా ఉంది. స్టింప్‌మీటర్ అని 36 అంగుళాల గాడి ఉన్న కడ్డీ ఉంటుంది. దీని మూలరూపాన్ని ఎడ్వర్డ్ స్టింప్సన్ 1935లో చేశాడు. ఓ కొస మెల్లగా లేపితే బంతి జారుతుంది. అది ఎన్ని అడుగులు దొర్లితే ఆ గ్రీన్ వేగం అంత. మీరాడే కోర్సు 9, మీ పెరడు 12 అనుకోండి, ఇంట్లో నేర్చుకున్న చెయ్యి అక్కడ ప్రతి బంతినీ పొట్టిగా ఆపుతుంది.

కంకరరావు:
ఇసుక నింపి రోలర్ తిప్పేకొద్దీ వేగం పెరుగుతుంది. అందుకే ఒకేసారి కుమ్మరించకుండా కొంచెం కొంచెంగా పోసి, కోర్సు వేగం దగ్గర ఆపాలి. ఇక మొదటి పట్ ఎంత దూరం నుంచి కొట్టినా చివరికి మిగిలేది నాలుగడుగులేగా? అది తప్పుతున్నందుకే మూడోది పడుతోంది. దానికి ఈ పెరడు బ్రహ్మాండంగా సరిపోతుంది.

మూడోపట్:
నాలుగడుగులకైతే హాల్లో పరిచే పటింగ్ చాప చాలు. వాడటం మానేస్తే చుట్టి మంచం కింద తోసేయొచ్చు.

సాయంత్రంబంతి:
అందరికీ థాంక్స్. నిన్న పైపు పెట్టి జాగా అంతా తడిపి చూశా. నీళ్లు నేరుగా ఇంటి గోడ దగ్గరికే వెళ్లి రెండు గంటలు కదల్లేదు. ముందు ఆ వాలు సంగతి చూడాలి, పచ్చిక మాట తర్వాత. అప్పటిదాకా చాప మీదే నాలుగడుగులు కొడతాను. చేతిలో పైపు చూసి మా ఆవిడ, "ఇన్నాళ్లకి మొక్కలు గుర్తొచ్చాయా?" అంది. అవునన్నాను.