పాత ఇళ్ల నడక: అరుగు దాకానా, పెరటి దాకానా?

నౌపడ బండి:
ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో సంక్రాంతి సెలవులకి పాత ఇళ్లూ కట్టడాలూ చూపించే నడక ఒకటి పెడుతున్నాం. విశాఖ, హైదరాబాద్, భువనేశ్వర్ నుంచి పిల్లలంతా ఊరికొచ్చే రోజులు కదా అని. కోట, మహేంద్రతనయ ఒడ్డున బృందావన్ ప్యాలెస్, కాలేజీ, స్టేషను, వీటితో ఏ పేచీ లేదు. 1900లో నౌపడ నుంచి మొదలై 2004 దాకా నడిచిన చిన్నబండి ఎక్కినవాళ్లు ఎవరైనా ఉంటే స్టేషను దగ్గర నాలుగు మాటలు చెప్పమని కూడా అడుగుతున్నాం.

పేచీ అంతా మా వీధిలోని ఐదు ఇళ్ల దగ్గరే. మొదట అందరూ సరేనన్నారు. ఇప్పుడు ఇద్దరు "అరుగు దాకా రండి, గుమ్మం మాత్రం దాటొద్దు" అంటున్నారు. బయట చూడ్డానికి ఏముందండీ? అరుగులకి ఎప్పుడో టైల్స్ వేసేశారు, గోడలకి సిమెంటు, పైన డిష్ గొడుగు. మండువా, స్తంభాలు, అటక అన్నీ లోపలే. లోపలికి వెళ్లనప్పుడు నడకే దండగ అని నా అభిప్రాయం. మీరేమంటారు?

నుయ్యి గట్టు:
బాబూ, ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. మా అత్తగారికి తొంభై దగ్గరపడ్డాయి. పగలంతా మండువా పక్క వసారాలో నులకమంచం మీదే ఉంటారు. ఒంటిమీద చీర నిలవదు. మీరు ముప్పైమందిని వెంటేసుకొస్తే ఆవిణ్ణి ఏ గదిలో దాచమంటారు?

ఇంకో సంగతి. రెండేళ్ల కిందట చుట్టాలబ్బాయి ఒకడు మా ఇల్లు వీడియో తీసి పెట్టాడు. వారం తిరక్కుండా ఎవరో మనిషి దిగాడు. నేను వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికే సింహద్వారం ద్వారబంధాన్ని జానలతో కొలుస్తున్నాడు. ఆ పూట పెట్టిన పసుపు వాడి వేళ్లకంటింది. "ఇది ఇచ్చేయండమ్మా, కొత్త స్టీలు తలుపు పెట్టించి పైన డబ్బిస్తా" అన్నాడు. పంపించేశాను. ఆ నెలలోనే ఇంకొకడు. తర్వాత పెరట్లో ఇత్తడి గంగాళం మాయమైంది. వాళ్లే తీశారని నేననను. కానీ అంతకుముందు నలభయ్యేళ్లు అది అక్కడే ఉంది.

చూరు కింద:
పిన్నిగారూ, మీరు చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు. కానీ లోపల చూపించాల్సిన అవసరం ఉందని ఇంజనీరుగా చెప్పక తప్పదు.

మా తాతగారిల్లు ఉదాహరణ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పెంకులు ఎగిరిపోయాయి, గోడలు కదల్లేదు. రిపేరు పేరుతో మేమే ఆ సున్నం గోడలకి సిమెంటు పూత కొట్టించాం. మూడు వానాకాలాలు గడిచేసరికి పూత బూరెల్లా పొంగింది. గోటితో గీరితే లోపల ఇటుక పిండిగా రాలుతోంది. సున్నం గోడ తడి పీల్చుకుంటుంది, మళ్లీ ఎండకి బయటికి వదిలేస్తుంది. దానికి సిమెంటు తొడిగితే తడి లోపలే ఉండిపోతుంది. ఇది కాగితం మీద ఎంత రాసినా ఎవరికీ ఎక్కదు, ఆ గోడ పక్కన నిలబెట్టి చూపించాలి. సెలవులకొచ్చే ఈ పిల్లలే రేపు ఆ ఇళ్ల వారసులు. పడగొట్టాలో నిలబెట్టాలో తేల్చేది వాళ్లే.

పైగా ఇది గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. పుస్తకాల భాష పక్కనబెట్టి జనం మాట్లాడే మాట రాయండని పోట్లాడిన మనిషి. కోట చూపించి ఇళ్లు వదిలేస్తే గ్రాంథికంలో టూరు నడిపినట్టే.

నుయ్యి గట్టు:
పోలిక బాగానే ఉంది నాయనా. కానీ పంతులుగారు సవర తెలిసినవాణ్ణి తన ఇంటికి పిలిపించుకుని ఆ భాష నేర్చుకున్నారు. అక్కడ తలుపు తీసింది ఆయన. ఇక్కడ తియ్యమంటున్నది నన్ను.

రెండు రాష్ట్రాల మనిషి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీరు వాట్సాప్‌లో తిప్పుతున్న కాగితం మీద "తెలుగువారి ఇళ్ల నడక" అని ఉంది. అది తీసేయండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు ఊరు ఇటొచ్చింది, పాతపట్నం, టెక్కలి అటు మద్రాసులో ఉండిపోయాయి. గిడుగువారు ఆ బాధతోనే రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ పుండు ఇప్పుడు మళ్లీ గోకడమెందుకు?

మా ఇంటి సంగతే చూడండి. మా నాయనమ్మ ఒడియా ఇంటి ఆడపడుచు. మార్గశిర గురువారం వస్తే మా గుమ్మంలో అమ్మ పెట్టిన ముగ్గు పక్కనే ఝోటి, అంటే ఒడియావాళ్ల బియ్యప్పిండి ముగ్గు పడుతుంది. దాన్ని ఏ జాబితాలో రాస్తారు? చెప్పేవాళ్లు రెండు భాషల్లోనూ చెప్పాలి. లేకపోతే నేను రాను.

నౌపడ బండి:
మీరన్నది నిజం. అది తొందరలో రాసేశాం, మారుస్తాను.

దస్తావేజు:
అసలు టెన్షన్ ఎవరూ ఎత్తట్లేదు. మా ఇల్లు ఐదుగురు అన్నదమ్ముల ఉమ్మడి. నేను సరేనన్నాక రాయపూర్ నుంచి మా పెద్దన్న ఫోను. "ఆ హెరిటేజ్ జాబితాలో పేరెక్కిందా, ఇటుక కూడా కదపనివ్వరు. వంద మీటర్ల రూలు తెలుసా?" అని ఒకటే కేకలు. అమ్ముకుందామన్నా కొనేవాడుండడట.

చూరు కింద:
ఆ వంద మీటర్లు వేరే సంగతి అన్నగారూ. 1958 చట్టానికి 2010లో సవరణ చేసి, కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడాలు నిషేధించారు. ఆ వంద దాటాక ఇంకో 200 మీటర్లలో కట్టుకోవాలంటే అనుమతి కావాలి. మనం చేత్తో రాసుకున్న నడక జాబితాకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

దస్తావేజు:
మీకు తెలుసు, నాకూ ఇప్పుడు తెలిసింది. రేపు కొనడానికొచ్చేవాడి చెవిలో ఇంకొకడు అదే మాట ఊదితే, వాడికి ఎవరు విడమరిచి చెప్తారు?

కొమ్ముబొమ్మ:
నాదో సలహా. అహ్మదాబాద్‌లో 1997 నుంచి కార్పొరేషన్‌వాళ్లే ఇలాంటి నడక నడుపుతున్నారు. కాలుపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర మొదలై జుమ్మా మసీదు దగ్గర ఆగుతుంది. నేను వెళ్లాను. మేం చూసినవాటిలో ఎక్కువభాగం సందులు, వాకిళ్లు, చెక్కిన ముఖద్వారాలే. అలాగని ఎవరూ పెదవి విరవలేదు. 2017లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది ఆ పాత నగరం. మనమూ వీధిలోంచే చూపించి, మనిషికి యాభై తీసుకుని ఇళ్లవాళ్లకిస్తే సరి. దారిలో కొమ్ముతో బొమ్మలు చేసే మా పనివాళ్ల దగ్గర కాసేపు ఆగితే ఇంకా మంచిది, అది మాత్రం నా స్వార్థమే.

నుయ్యి గట్టు:
నా గుమ్మం ఖరీదు యాభై రూపాయలా? ఆ డబ్బు మాట నా దగ్గర ఎత్తకండి. ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్లకి మంచినీళ్లిస్తాం, టిక్కెట్టు చింపం.

నౌపడ బండి:
పిన్నిగారూ, ఒప్పుకుంటున్నాను. మొదట్లో "దండగ" అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. రోజూ ఆ ఇల్లు ఊడ్చుకునేవాళ్లని అడక్కుండానే దారి మ్యాపు గీసేశాం. ఎక్కడిదాకా రావచ్చో మీరే చెప్పండి.

నుయ్యి గట్టు:
అలా ముందే అడిగుంటే ఇన్ని మాటలు ఉండేవి కావు.

పదిగంటల తర్వాత రండి. అప్పటికి అత్తగారి స్నానం, భోజనం అయిపోయి కునుకు తీస్తారు. ముందు గుమ్మంలోంచి వద్దు, పక్క సందులోంచి పెరట్లోకి రండి. విడతకి ఎనిమిదిమంది. ఫోన్లు గుమ్మం పక్కన బుట్టలో వేసి రావాలి. నుయ్యి చూపిస్తాను, దాని ఒరలు ఎలా దింపారో మా మావగారు చెప్పింది చెప్తాను. వసారా వెనక గోడకి ఇంకా సున్నమే ఉంది, ఇంజనీరు బాబు కావాలంటే చెయ్యి పెట్టి చూపించుకోవచ్చు. మండువాలోకి తొంగి చూడొద్దు. ద్వారబంధం వెళ్లేటప్పుడు వీధిలోంచి చూసుకోండి, కొలతలు మాత్రం ఎవరూ తియ్యొద్దు.

చూరు కింద:
ఆ గోడ ఒక్కటీ చాలు పిన్నిగారూ.

దస్తావేజు:
మా ఇల్లు మాత్రం జాబితాలోంచి తీసేయండి. అరుగు కూడా వద్దు. అన్నదమ్ముల్లో మాట పట్టింపులు వస్తే నేను తట్టుకోలేను.

నౌపడ బండి:
తీసేశాను అన్నగారూ. మీ అరుగు మీద ఎవరూ కూర్చోకుండా కూడా చూస్తాం.

దస్తావేజు:
అది వద్దు. ఎండలో నడిచొస్తారు, కూర్చుంటే కూర్చోనివ్వండి. ఫొటోలు మాత్రం తియ్యొద్దని చెప్పండి.